మనవాడికి ఇచ్చిన క్లూ

2022 ఏప్రిల్‌లో ఒక శనివారం. మా ఆఫీసు బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద, బెళ్లందూరు పక్కన. ఆ రోజుల్లో మనుషులు దొరకడమే గగనంగా ఉండేది. ఆఫర్ లెటర్ తీసుకున్నవాళ్లు తీరా చేరాల్సిన రోజు ఫోన్ ఎత్తేవాళ్లు కాదు. అందుకని శనివారాలు కూడా పొద్దున తొమ్మిదిన్నర నుంచి చీకటి పడేదాకా ఇంటర్వ్యూలే. ప్యానెల్లో నేను, నాతోపాటు మంగళూరావిడ ఒకరు.

డేటాబేస్ నుంచి సమాచారం అడిగే భాష ఎస్‌క్యూఎల్. అందులో నేను అడిగే ప్రశ్న ఒకటుంది. ఏళ్లుగా మార్చలేదు. ఒక టేబుల్లో ఉద్యోగులు, ఇంకో టేబుల్లో డిపార్ట్‌మెంట్లు. ఉద్యోగులందరి పేర్లూ రావాలి, పక్కన ఎవరి డిపార్ట్‌మెంట్ వాళ్లది రావాలి. కొందరికి ఇంకా ఏ డిపార్ట్‌మెంటూ ఇవ్వలేదు, మెలిక అక్కడే. లెఫ్ట్ జాయిన్ రాస్తే అందరూ వస్తారు, డిపార్ట్‌మెంట్ లేనివాళ్ల పక్కన ఖాళీ కనిపిస్తుంది. ఇన్నర్ జాయిన్ రాస్తే రెండు టేబుల్స్‌లోనూ జత కుదిరినవాళ్లే వస్తారు. మిగతావాళ్లు మాయం. ఎర్రర్ కూడా రాదు. క్వెరీ శుభ్రంగా నడుస్తుంది, లిస్టు శుభ్రంగా వస్తుంది, అందులో ఎవరు లేరో చూసేవాడికి తెలియదు.

ఆ రోజు పదకొండింటికి వచ్చిన అమ్మాయిది ఒడిశాలో సంబల్‌పూర్. బోర్డు మీద ఇన్నర్ జాయిన్ రాసింది. నేను "ఓకే" అని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను. భోజనాలయ్యాక ఒక అబ్బాయి వచ్చాడు. అతనూ ఇన్నర్ జాయినే రాశాడు. రాస్తూ రాస్తూ మార్కర్ జారి అరచేతి మీద గీత పడితే "అబ్బ, దీని దుంపతెగ" అని లోపల్లోపల గొణుక్కున్నాడు. నాకు నవ్వాగలేదు. ఏ ఊరు అని అడిగాను. కనిగిరి దగ్గర సార్ అన్నాడు. మాదీ ఆ చుట్టుపక్కలే. "ఇంటిపేరేంటి?" అని కూడా అడిగాను. రాసుకోవడానికైతే అది రెజ్యూమెలోనే ఉంది. మావైపు ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో నాకు తెలియంది కాదు. ఆ తర్వాత, "ఇంకోసారి చూడు, అందరూ వచ్చారా?" అన్నాను. చూశాడు, నాలుక కరుచుకున్నాడు, చెరిపేసి లెఫ్ట్ జాయిన్ రాశాడు.

అతన్ని తీసుకున్నాం. ఆ అమ్మాయిని తీసుకోలేదు.

ఎనిమిది నెలలు గడిచాక, కొత్త ప్రశ్నలు తయారు చేద్దామని పాత ఫీడ్‌బ్యాక్ ఫారాలు తెరిచాను. ఒకే తేదీవి కాబట్టి ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అమ్మాయి ఫారంలో నేను రాసింది: "జాయిన్స్ రావు. బేసిక్స్ వీక్." అబ్బాయి ఫారంలో: "కొంచెం టెన్షన్ పడ్డాడు, కానీ తప్పు తనే పట్టుకున్నాడు. ఆటిట్యూడ్ బాగుంది." తనే పట్టుకున్నాడట! పట్టించింది నేను. అబద్ధం రాస్తున్నానని అప్పుడు నాకు ఇసుమంతైనా అనిపించలేదు. ఆ సాయంత్రం సిల్క్ బోర్డు దాటుతూ, ఇవాళ ఒక మంచి పని చేశాననే సంతోషంతో ఇంటికెళ్లిన గుర్తు మాత్రం ఉంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ సంతోషమే.

మా కంపెనీలో ఏటా ఎథిక్స్ ట్రైనింగ్ ఉంటుంది. ముప్పావుగంట స్లయిడ్లు, చివర్లో ప్రశ్నలు. "వెండర్ దీపావళికి బంగారు నాణెం పంపాడు. మీరేం చేస్తారు?" జేబులో వేసుకుంటాను అని టిక్ పెట్టినవాడు భూమ్మీద ఉండడు. అందరికీ నూటికి నూరు, అందరికీ సర్టిఫికెట్. శ్రీరంగనీతులు అంటారు చూడండి, ఆ బాపతు. (ఆ సామెత రెండో సగం నేనిక్కడ రాయను. అందులో ఒక కులాన్ని ఈసడించడం ఉంది. నీతి గురించి చెప్పే సామెతలోనే అంత పక్షపాతం పెట్టుకుని తరాలుగా అలవోకగా వాడేస్తున్నాం.) తప్పూ ఒప్పూ ఎదురెదురుగా నిలబడి, ఇందులో ఏది కావాలో తేల్చుకో అని అడిగే సందర్భం నా పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో మూడు నాలుగు సార్లకి మించి రాలేదు. నేను చేసిన తప్పుల్లో ఎక్కువ భాగం తప్పు వేషంలో రాలేదు. సాయం వేషంలో, మొహమాటం వేషంలో, మనవాళ్లన్న అభిమానం వేషంలో వచ్చాయి.

ఆ అభిమానం నాకు ఊరికే రాలేదు. 2007లో ఒక బ్యాగుతో మారతహళ్లిలో దిగినప్పుడు నన్ను ఆంధ్రా పీజీ హాస్టల్లో చేర్పించింది మా ఊరి సీనియర్ ఒకాయన. నలుగురుండే గదిలో ఐదో పరుపు వేయించాడు. నెలన్నర పాటు సాయంత్రాలు కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. నా రెజ్యూమె తన మేనేజర్ టేబుల్ మీద పెట్టాడు. ఆ ఇంటర్వ్యూ నేనే ఇచ్చాను, నేనే గట్టెక్కాను, కానీ ఆ గదిలోకి దారి చూపించింది ఆయనే. నా తర్వాత వచ్చేవాళ్లకి నేనూ అలాగే చేయాలని అప్పుడే అనుకున్నాను. ఇన్నేళ్లలో చాలామందికి చేశాను కూడా. నాకంటూ ఉన్న విలువల్లో దీన్నే మొదట చెప్పుకునేవాణ్ణి. చిక్కేమిటంటే, ఆయన నన్ను తలుపు దాకా తీసుకొచ్చాడు, అంతే. నేను తలుపు లోపల కూర్చుని, పరీక్ష పేపరు దిద్దుతూ కూడా అదే సాయం చేశాను. ఈ రెండింటికీ మధ్య గీత ఒకటుందని ఆ రెండు ఫారాలు చూసేదాకా నాకు తట్టనే లేదు.

గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. దాన్ని స్టాన్‌ఫర్డ్‌లో ఎమిలీ ప్రోనిన్, ఆమె సహచరులు కొలిచి 2002లో ప్రచురించారు. మనుషుల తీర్పుల్లో ఉండే పక్షపాతాలు ఒక్కొక్కటీ వివరించి, ఇది మీలో ఎంత, మిగతావాళ్లలో ఎంత అని అడిగారు. అందరితో పోలిస్తే మాకు తక్కువే అన్నారు జనం. అదీ ఆ వివరణ చదివిన తర్వాత! నేనూ అంతే. ఆ శనివారానికి ముందే పక్షపాతాల మీద ట్రైనింగ్ అయిపోయింది. మా ఫీడ్‌బ్యాక్ ఫారం పైన "నిష్పక్షపాతంగా అంచనా వేస్తున్నాను" అని ఒక చెక్‌బాక్స్ కూడా ఉంది. రెండు ఫారాల్లోనూ టిక్ ఉంది.

ఇలా ముందే మాట తీసుకునే పద్ధతి గురించి ఒక పక్కదారి కథ. ఫారం చివర్లో కాకుండా పైనే సంతకం పెట్టిస్తే జనం నిజం రాస్తారని 2012లో ఒక పరిశోధన వచ్చింది. కారు ఎన్ని మైళ్లు తిరిగిందో ఇన్సూరెన్స్ ఫారాల్లో రాయించి చూశామన్నారు. చాలా పేరొచ్చింది. ఆ కార్ల లెక్కలు కల్పించినవని 2021లో బయటపడి, పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. నిజాయితీ మీద పరిశోధన అది. మా చెక్‌బాక్స్ మాత్రం ఇప్పటికీ పైనే ఉంది.

మళ్లీ ఆ ఇంటిపేరు దగ్గరికి వస్తాను, ఎందుకంటే అక్కడే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు 2007 అక్టోబర్‌లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంగ్లిష్ పేపర్లలో పడిన 548 ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. చదువులు సమానం, పేర్లే వేరు. అగ్రకుల హిందూ పేరుకి పిలుపు అవకాశాన్ని ఒకటి అనుకుంటే, దళిత పేరుకి 0.67, ముస్లిం పేరుకి 0.33 వచ్చింది. అదే సంచికలో సురీందర్ జోధ్కా, కాథరిన్ న్యూమన్ పాతికమంది హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాసిన వ్యాసం కూడా ఉంది. మేం చూసేది ప్రతిభ ఒక్కటే అని చెప్పిన ఆ మేనేజర్లే, ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ అడగడం మామూలే కదా అన్నారు. మన తెలుగువాళ్లం "మీరేమిట్లు?" అని మొహం మీద అడగడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు "ఇంటిపేరేంటి?", "మీ నాన్నగారేం చేస్తారు?", "కనిగిరిలో ఏ వైపు?" అని అడుగుతాం. ఆ అబ్బాయి ఇంటిపేరు వేరేది అయ్యుంటే నేను క్లూ ఇచ్చేవాణ్ణా? ఇచ్చేవాణ్ణనే అనుకుంటున్నాను. దీనికి సాక్ష్యం నా మాట తప్ప ఇంకేం లేదు, నా మాట విలువ ఎంతో ఆ ఫారంలో కనబడుతూనే ఉంది.

మనవాళ్లకి మనం చేయకపోతే ఎవరు చేస్తారు? ఈ మాట చాలామంది తెలుగు మిత్రులు నాతో అన్నారు. కొట్టిపారేసే మాట కాదు. పక్క టీముల్లో వాళ్ల భాషవాళ్లని వాళ్లు లాక్కోవడం నేనూ చూశాను, లంచ్ టేబుల్ దగ్గర భాషలవారీగా కూర్చున్న గుంపులే సగం చెప్పేస్తాయి. కానీ ఈ వాదన మనకి అనుకూలంగా ఉన్నప్పుడే మనకి న్యాయంగా వినిపిస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసినప్పుడు మా అపార్ట్‌మెంట్ తెలుగు వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు పడ్డాయి. 2024 జూలైలో కర్ణాటక కేబినెట్ ప్రైవేటు ఉద్యోగాల్లో మేనేజ్‌మెంట్ స్థాయిలో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకు అని బిల్లు ఆమోదించింది. అదే గ్రూపులో ఆ రాత్రంతా రాజ్యాంగం, ప్రతిభ, దేశ సమైక్యత. గొడవయ్యేసరికి వెంటనే బిల్లును పక్కన పెట్టారు, మావాళ్లు హమ్మయ్య అనుకున్నారు. రెండుసార్లూ మాట్లాడింది అదే మనుషులు. రెండింటికీ మధ్య తేడా ఉందని ఎవరైనా వాదిస్తే వింటాను, ఉండొచ్చు కూడా. ఆ రాత్రి ఒక్కరూ పాత చప్పట్లు గుర్తు చేసుకోలేదు, అదే నా బాధ.

ఇంకా వెనక్కి వెళ్తే, 2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చిన రోజు. పీజీ కింద మెస్‌లో టీవీ చుట్టూ అందరం. ఖాతాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని, చిన్న తేడాగా మొదలైంది ఏటికేడు పెరిగిపోయిందని, పులి మీద స్వారీలా దిగలేకపోయానని ఆయన రాశాడు. నా పక్కన కూర్చున్నాయన సాంబారు కలుపుకుంటూ, "ఏదేమైనా 108 అంబులెన్సులు పెట్టిన మనిషి" అన్నాడు. ఎంతమందికి అన్నం పెట్టాడో అని ఇంకొకాయన. నేనూ తలూపాను. వేరే రాష్ట్రాల పెద్దమనుషులు దొరికిపోయినప్పుడు మా టేబుల్ దగ్గర ఎవరూ వాళ్ల దానధర్మాలు లెక్కపెట్టలేదు. చిన్న తేడాగా మొదలైంది అన్న మాట మాత్రం నాకు ఎందుకో గుర్తుండిపోయింది.

అసలు సంగతి ఒకటి చెప్పలేదు. ఆ కనిగిరి అబ్బాయి చాలా బాగా పని చేస్తాడు. మొదటి ఏడాదే టీములో అందరూ అతని దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. దాంతో నా మనసు లాయరు వేషం వేసుకుంది: చూశావా, నీ అంచనా నిజమే కదా, పిల్లాడిలో సరుకుందని పట్టావు కదా! నన్ను ఎక్కువ రోజులు మోసం చేసిన వాదన ఇదే. అతను పైకొచ్చాడంటే, ఇన్నర్ జాయిన్ రాసిన మనిషి కూడా మంచి ఇంజనీర్ కాగలడని తేలింది. అంటే ఆ అమ్మాయీ కాగలిగేదేమో. తీసుకున్నవాడి పనితనం రోజూ కళ్ల ముందు కనబడుతుంది. వద్దన్న మనిషి ఏమైందో కనబడదు. కాబట్టి పక్షపాతంతో తీసుకున్న నిర్ణయం కూడా ప్రతిసారీ సరైనదిగానే రుజువవుతూ ఉంటుంది. ఫారాలు చూసిన వారం మా రిక్రూటర్‌ని అడిగి ఆ అమ్మాయికి ఫోన్ చేయించాను. వేరేచోట చేరిపోయిందని ఒక్క లైను జవాబొచ్చింది. నేను చేసింది ఆమెకి తెలియదు, తెలిసే దారీ లేదు.

తర్వాత నేను నా మంచితనాన్ని నమ్ముకోవడం తగ్గించాను. ఇంటర్వ్యూకి ముందే క్లూలు కూడా కాగితం మీద రాసుకుంటున్నాను. తప్పు రాస్తే, రెండు నిమిషాలు ఆగి, ఎవరికైనా అదే క్లూ, అవే మాటలు. మంగళూరావిడకి జరిగిందంతా చెప్పేశాను. చెప్పేటప్పుడు నా చెవులు కాలిపోయాయి. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఆ రోజు మీరు తెలుగులో మాట్లాడటం విన్నాను, ఏదో ఊరి కబురు అనుకున్నాను" అంది. అప్పట్నుంచి మా ఇద్దరి ఏర్పాటు ఇది: వచ్చినవాళ్లు తెలుగువాళ్లయితే ముందు ఆవిడ మార్కులు చెప్పాలి, తర్వాతే నేను. తుళు, కన్నడ వాళ్లయితే ముందు నేను. 1950ల్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో చేసిన గీతల ప్రయోగం ఉంది కదా, గదిలో ఒక్కరు తప్ప మిగతా అందరూ కావాలని పొట్టి గీతని పొడుగు గీతకి సమానం అంటుంటే, కళ్లముందు నిజం కనబడుతున్నా, అలా ఒంటరిగా కూర్చున్నవాళ్లలో చాలామంది ఒక్కసారైనా గుంపుతో గొంతు కలిపారు. గదిలో నిజం చెప్పే ఇంకొక్క మనిషిని కూర్చోబెడితే ఆ ఒత్తిడి నాలుగో వంతుకి పడిపోయిందని ఆష్ రాశాడు. నాకు ఆ ఇంకొక్క మనిషి ఆవిడ. ఇంత చిన్న ఏర్పాటుకి పదిహేనేళ్లు పట్టింది.

ఆఫీసు సంగతి తేలికే. కష్టం ఇంటి దగ్గర్నుంచి వస్తుంది.

మా చిన్నాన్న 2021లో ఫోన్ చేసి, వాళ్ల బావమరిది కొడుకుని మా కంపెనీలో పెట్టించమన్నాడు. కుర్రాడు బీటెక్ అయి ఏడాది. రెజ్యూమెలో మాత్రం మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ "పెట్టించారు". పేస్లిప్పులు, రిలీవింగ్ లెటరు అన్నీ రెడీ. బెంగళూరులో, హైదరాబాదులో ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో మన ఇళ్లలో తెలియనివాళ్లు తక్కువ. నేను నోరు పెగలక, "ఓపెనింగ్స్ లేవు చిన్నాన్నా" అన్నాను. పది రోజులకి మా వాక్-ఇన్ పోస్టరు ఆయన వాట్సాప్‌కే వెళ్లింది. నిజాయితీగా ఉండబోయి అబద్ధం ఆడి, ఆ అబద్ధంలో దొరికిపోయాను.

మేరీ జెంటిలీ అనే అమెరికన్ ఆచార్యురాలు మేనేజ్‌మెంట్ విద్యార్థులకి నీతి పాఠం వేరేలా చెబుతుంది. ఏది ఒప్పో తేల్చమని అడగదు. ఒప్పేదో నీకు తెలుసనుకుందాం, దాన్ని ఎవరితో, ఏ మాటల్లో అంటావు, వాళ్లేమంటారు, నువ్వు తిరిగి ఏమంటావు అని అడిగి, ముందే రాయించి, పైకి చెప్పిస్తుంది. నాటకం రిహార్సల్ లాగా. మొదట చదివినప్పుడు ఇది సేల్స్‌వాళ్ల తంతులా అనిపించింది. 2024లో చిన్నాన్న, ఈసారి ఇంకో కుర్రాడి కోసం, ఫోన్ చేస్తాడని అమ్మ ముందే చెప్పినప్పుడు మాత్రం నోట్‌బుక్ వెనక పేజీలో నాలుగు వాక్యాలు రాసుకున్నాను. మా ఆవిడ చిన్నాన్న వేషం కట్టింది. "అంతేలేరా అబ్బాయ్, పెద్దోడివైపోయావ్, మేమెందుకు గుర్తుంటాం" అని ఆయన గొంతుతో దీర్ఘాలు తీస్తే నేను రెండుసార్లు తడబడ్డాను.

ఫోన్ వచ్చింది. "చిన్నాన్నా, వాణ్ణి ఫ్రెషర్‌గా అయితే నా దగ్గరికి పంపు. మూడు నెలలు మా ఇంట్లోనే పెట్టుకుని నేనే తయారు చేస్తాను, ఫ్రెషర్ పోస్టు పడితే నా పేరుతోనే రెఫర్ చేస్తాను. మూడేళ్లు అని రాసిన కాగితం మీద మాత్రం నా పేరు పెట్టలేను" అన్నాను. అందరూ పెడుతున్నారు కదరా అన్నాడు. పీఎఫ్‌కి యూఏఎన్ అని, కంపెనీ మారినా మారని ఒకే నంబరు వచ్చాక ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు చేశారో అందులో కనబడుతుందని, రేపు వెరిఫికేషన్‌లో పోతే కుర్రాడి పేరు పాడవుతుందని చెప్పాను. ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఆయనకి నచ్చుతుందని కుర్రాడు దొరికిపోతాడన్న వాదన తెచ్చాను కానీ, దొరకడని తెలిసినా నా జవాబు అదే. ఆ మాట చెప్పే ధైర్యం చాలలేదు.

"సరేలే నాన్నా, నీ ఇష్టం" అని పెట్టేశాడు. నన్ను "నాన్నా" అన్నాడంటే కోపం వచ్చినట్టే. ఆ డిసెంబర్లో ఒంగోలులో పెళ్లికి వెళ్తే పక్క బంతిలో కూర్చున్నాడు. కుర్రాడు నా దగ్గరికి రాలేదు. అదే కాగితంతో ఇంకో కంపెనీలో చేరాడు. బాగానే సంపాదిస్తున్నాడు, కారు కూడా కొన్నాడని అమ్మ చెప్పింది. ఆ చెప్పడంలో నామీద చిన్న విసుపు ఉంది.

మొన్న శనివారం మళ్లీ ఇంటర్వ్యూలు. స్క్రీన్ మీద నా పేరు చూసి, "సార్, మీరు తెలుగా?" అన్నాడు వచ్చిన అబ్బాయి. మొహం వెలిగిపోతోంది. అవునన్నాను, ముందు ఇది అవనీ, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను, ఇంగ్లిష్‌లోనే. ఆ వెలుగు కొంచెం తగ్గింది. పీజీలో ఐదో పరుపు మీద పడుకున్న రోజుల్లో నాతో ఎవరైనా ఇలా అనుంటే నేనేమనుకునేవాణ్ణో నాకు తెలుసు. అతను బోర్డు దగ్గరికి వెళ్లి ఇన్నర్ జాయిన్ రాశాడు. మంగళూరావిడ వాచీ చూసుకుంది. రెండు నిమిషాలయ్యాక కాగితం మీద ఉన్న క్లూ చదివాను: "మొత్తం ఉద్యోగులు ఎంతమందో, నీ లిస్టులోకి ఎంతమంది వచ్చారో ఒకసారి లెక్కపెట్టు."